పెన్జాన్స్ నుంచి సిలీ దీవులకు: రెండు ముసలి ఓడల దారి

ఇంగ్లండ్ నైరుతి కొసన లాండ్స్ ఎండ్ అనే రాతి కొమ్ము ఉంది. దాన్ని దాటి అట్లాంటిక్ లోపలికి సుమారు 45 కిలోమీటర్లు పోతే సిలీ దీవులు వస్తాయి. రాళ్లూ తిప్పలూ కలుపుకుంటే లెక్క వంద దాటుతుంది గానీ మనుషులు కాపురముండేవి ఐదే: సెయింట్ మేరీస్, ట్రెస్కో, సెయింట్ మార్టిన్స్, బ్రయర్, సెయింట్ ఆగ్నెస్. 2021 జనాభా లెక్కల్లో ఈ ఐదింటిలో కలిపి తేలింది సుమారు 2,100 మంది. వాళ్లకు కావలసిన పాలూ రొట్టే, సిమెంటూ కలపా, మంచాలూ టైర్లూ దాదాపు అన్నీ రెండు ఓడల మీదే వస్తాయి. ప్రయాణికులను తెచ్చే మూడో సిలోనియన్‌ను 1977లో కట్టారు, సరుకు మోసే గ్రై మరీతాను 1981లో. వీటి బదులు కొత్తవి తేవాలన్న మాట మొదలై పదిహేనేళ్లు దాటింది. ఒక ఊరంత జనానికి రెండు ఓడలు కొనడం అంత కష్టమెందుకైందో పెన్జాన్స్ నుంచి ఒకసారి ఆ దారిన ప్రయాణం చేస్తే చాలావరకు తెలిసిపోతుంది.

లండన్ పాడింగ్టన్‌లో బయలుదేరిన రైలుకు పెన్జాన్స్ చివరి స్టేషను. స్టేషను నుంచి రేవుకు నడిచి పోవచ్చు. రేవు పాతది, పోటూ పాటూ మీద ఆధారపడి బతికేది. ఈ తీరంలో అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు 5 మీటర్లు. పాటు వేళ రేవులో చాలా భాగం బురద తేలుతుంది, చిన్న పడవలు పక్కకు ఒరిగి పడుకుంటాయి. బ్రిటన్‌లో కొండల ఎత్తులన్నీ కొలిచే సముద్రమట్టాన్ని నిర్ణయించింది పక్కనే ఉన్న న్యూలిన్ రేవులో, 1915 నుంచి 1921 దాకా రాసిపెట్టిన పోటుపాట్ల లెక్కల ఆధారంగా. నీరు పెరగడం, తగ్గడం గురించి ఇంత నికరంగా తెలిసిన తీరం మరొకటి అరుదు. అయినా ఆ తెలివిడి ఓడకు అదనంగా ఒక్క అడుగు నీటిని కూడా ఇవ్వదు. దక్షిణపు గట్టు చివర, లైట్‌హౌస్ ఉన్న వైపున, మూడో సిలోనియన్ నిలబడేచోటే కాస్త లోతు ఉంది.

ఆ ఓడ పొడవు 68 మీటర్లు. నీటిలో మునిగే లోతు మాత్రం 3 మీటర్ల లోపే, సుమారు 2.9. ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పొడవు, వేగం, ఎన్ని కుర్చీలు అన్నవి కొనేవాడి ఇష్టం. మునక మాత్రం కొనేవాడి చేతిలో లేదు. పెన్జాన్స్ రేవు అడుగూ, అవతల సెయింట్ మేరీస్ చుట్టూ ఉన్న ఇసుక తిన్నెలూ కలిసి ఎప్పుడో నిర్ణయించేశాయి.

సాధారణంగా ఓడ పొద్దున తొమ్మిది దాటాక కదులుతుంది. అంతకు ముందు గట్టు మీద జరిగే పని చూడదగ్గది. ప్రయాణికులు పెట్టెలను తమతో పైకి తీసుకుపోరు. ఏ దీవికి పోవాలో తెలిపే చీటీ కట్టి గట్టు మీదే అప్పగిస్తారు. కళాసీలు వాటిని దీవుల వారీగా వేరుచేసి కంటెయినర్లలో సర్దుతారు. ఓడ ముందు భాగంలో ఉన్న క్రేను ఒక్కొక్క కంటెయినర్‌నూ ఎత్తి, గాలికి కొంచెం ఊగనిచ్చి, సరుకు అర మీదికి తెచ్చి దింపుతుంది. గొలుసు వదులయ్యేదాకా కింద ఒక మనిషి చెయ్యెత్తి నిలబడతాడు. కార్లు నేరుగా లోపలికి ఎక్కే తలుపు ఈ ఓడకు లేదు. సందర్శకులు కార్లు తెచ్చుకోవడం లేదు కాబట్టి దాని అవసరమూ లేదు. 1977 నాటి ఈ పద్ధతి నెమ్మదైనదే కావచ్చు. కానీ నీటిమట్టం గంట గంటకూ మారే గట్టు దగ్గర వాలు దారి వేసి బండ్లు ఎక్కించడం కన్నా, తాడు కట్టి పైనుంచి ఎత్తడమే నమ్మకమైన పని.

గట్టు వదిలాక మొదటి గంట సుఖంగా గడుస్తుంది. కుడివైపు మౌజల్ ఊరి ఇళ్లు, లమోర్నా లోయ, 1965లో వెలిగిన టేటర్ డూ లైట్‌హౌస్, కొండ అంచున రాతిలో చెక్కిన మినాక్ రంగస్థలం వరసగా వెనక్కి పోతాయి. అందరూ పైకప్పు మీదే ఉండి ఫొటోలు తీసుకుంటారు. లాండ్స్ ఎండ్ దాటాక దక్షిణాన వుల్ఫ్ రాక్ దీపస్తంభం ఒంటరిగా కనిపిస్తుంది. అక్కణ్నుంచి తీరం అడ్డు ఉండదు. అమెరికా దాకా మధ్యలో ఏ భూమీ లేని నీటి మీద పుట్టి వచ్చిన అలలు ఓడను పట్టుకుంటాయి. మామూలు రోజుల్లో ప్రయాణం మొత్తం రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. గాలి ఉన్న రోజున అందులో రెండో సగమే ఎక్కువ సేపు అనిపిస్తుంది.

ఓడ అంతగా ఊగడానికి కారణం మునక తక్కువ కావడమే. నీటిలోకి లోతుగా దిగిన ఓడకు సముద్రం కింది నుంచి పట్టు ఇస్తుంది. పైపైన తేలే ఓడకు ఆ పట్టు తక్కువ. పైగా నీటిపైన కనిపించే భాగం ఎత్తుగా ఉంటే గాలి దాన్ని ఒక పక్కకు నెడుతుంది. మూడో సిలోనియన్‌కు 'పెద్ద తెల్ల కడుపు పంపు' అనే అర్థం వచ్చే ఎగతాళి పేరు పడింది, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పినట్లు లేదు. నిజానికి ఓడ కట్టినవాళ్లను తప్పు పట్టడానికి లేదు. రెండు రేవులూ లోతు లేనివి, మధ్యలో ఉన్నది నడిసముద్రం. రెంటికీ సరిపోయే అడుగు గీయమంటే ఎంత మంచి నిపుణుడైనా ఏదో ఒక చోట రాజీపడాలి. ఇక్కడ ఆ రాజీని ప్రయాణికుడి కడుపు మీద వేశారు.

ఈ జలాల చరిత్ర అంటే అందరూ మునిగిన ఓడల గురించే చెబుతారు. 1707 అక్టోబరులో అడ్మిరల్ క్లౌడెస్లీ షవెల్ నౌకాదళం పడమటి రాళ్లకు తగిలి నాలుగు ఓడలు పోయాయి, వెయ్యికి పైగా మనుషులు చనిపోయారు. ఓడ ఎక్కడ ఉందో తేల్చే రేఖాంశాల సమస్యకు బహుమతి ప్రకటిస్తూ బ్రిటిష్ పార్లమెంటు 1714లో చట్టం చేయడానికి ఆ దుర్ఘటన ప్రేరణ అయిందంటారు. 1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే చమురు ఓడ ఇదే దారికి ఉత్తరాన సెవెన్ స్టోన్స్ మిట్టను ఢీకొని లక్ష టన్నులకు పైగా ముడిచమురు సముద్రంలో కలిపింది. ఈ కథల మీద పుస్తకాలు ఉన్నాయి, మ్యూజియం గదులు ఉన్నాయి. రోజూ వచ్చి సరుకు దింపి పోయిన ఓడల గురించి మాత్రం పాత పత్రికలు తిరగేస్తే గానీ దొరకదు.

ఆ ఓడల వరస ఇలా సాగింది. మొదట ఆరు తెడ్ల గిగ్ పడవలు ఉండేవి. పెద్ద ఓడలకు దారి చూపే పైలట్లను అవి మోసుకుపోయేవి. 1830లో కట్టిన గిగ్‌లు కొన్ని ఇంకా నీటి మీద ఉన్నాయి, ఏటా మే మొదట్లో జరిగే పోటీలకు ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తాయి. ఆ తర్వాత తెరచాప ఓడలు ఉత్తరాలు తెచ్చాయి. 1850ల చివర ఆవిరి ఓడ వచ్చింది. అదే కాలంలో రైలు పెన్జాన్స్‌కు చేరడంతో దీవుల పూలు లండన్ సంతకు పోవడానికి దారి దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంతో, అప్పటిదాకా ఆవిరి ఓడ నడిపిన కంపెనీ సేవ ఆగిపోయింది. బయటి పెట్టుబడిదారులెవరూ ముందుకు రాకపోవడంతో 1920లో దీవులవాళ్లే వాటాలు కొని సిలీ దీవుల స్టీమ్‌షిప్ కంపెనీ పెట్టుకున్నారు. ఇప్పటికీ ఈ దారి ఆ కంపెనీదే.

కంపెనీ మొదట ఒక వాడిన ఓడతో నెట్టుకొచ్చింది. 1926లో తమ కోసమే కట్టించుకున్న మొదటి సిలోనియన్ దిగింది, ముప్పై ఏళ్లు తిరిగింది. రెండోది 1956 నుంచి 1977 దాకా పనిచేసి, డెవోనియా అన్న పేరుతో విహార నౌకగా మారింది. మధ్యలో 1965లో క్వీన్ ఆఫ్ ది ఐల్స్ అని మరో ఓడ కొన్నారు. రెండు ఓడలను పోషించేంత రాబడి లేక కొన్నేళ్లకే వదులుకున్నారు. అది చివరికి పసిఫిక్‌లోని టోంగాకు అమ్ముడై, అక్కడి దీవుల మధ్య తిరిగింది. సిలీ భరించలేని ఓడ అంతకన్నా దూరపు దీవులకు పనికొచ్చిందన్న మాట. మూడో సిలోనియన్‌ను పక్క జిల్లా డెవన్‌లోని యాపిల్‌డోర్ యార్డులో కట్టారు. మొదటి రెంటి ఆయుష్షు చూస్తే దీని వంతు రెండువేల సంవత్సరం ప్రాంతంలో ముగిసిపోవాలి. యాభయ్యో ఏడు దగ్గరపడుతున్నా తిరుగుతూనే వచ్చింది.

ఓడ ముసలిదవడమంటే ఒక రోజు ఆగిపోవడం కాదు. ఉప్పునీటికి ఇనుప రేకు పలచబడుతుంది. ఏటేటా తనిఖీలో దాని మందం కొలుస్తారు, పలచబడ్డచోట కోసి కొత్త రేకు అతుకుతారు. ఇంజన్ చేసిన కంపెనీ మూతపడ్డాకో, ఆ నమూనా మానేశాకో విడిభాగాలు దొరకవు, తయారు చేయించుకోవాలి. పాత ఓడకు అది కట్టిననాటి భద్రతా నిబంధనలు కొంతవరకు వర్తిస్తాయి. కానీ ఒక స్థాయికి మించి మార్పులు చేస్తే కొత్త నిబంధనలన్నీ మీద పడతాయి. మరమ్మతు ఎంత చేయాలో, ఎక్కడ ఆపాలో తూచుకుంటూ ఏళ్లు గడుస్తాయి. ఒకప్పుడు 600 మందిని ఎక్కించుకున్న ఈ ఓడలో తర్వాత 485 మందికే అనుమతి.

సెయింట్ మేరీస్ దగ్గరికి వచ్చేసరికి ఓడకు రెండు దారులు ఉంటాయి. పోటు మీద ఉంటే తూర్పు నుంచి క్రో సౌండ్ అనే పాయలోకి దూరుతుంది. అక్కడ అడ్డంగా ఇసుక తిన్నె ఉంది, నీరు తగ్గితే దాటలేరు. పాటు వేళ దక్షిణంగా చుట్టు తిరిగి సెయింట్ మేరీస్ సౌండ్ గుండా రావాలి. ప్రయాణికుడికి ఇది కొండలు ఒక పక్కన కనబడటమా, మరో పక్కనా అన్న తేడా. కెప్టెనుకు మాత్రం అడుగు కింద ఎన్ని అంగుళాలు మిగిలాయన్న లెక్క. సెయింట్ మేరీస్‌లోని హ్యూ టౌన్ గట్టు దగ్గర మళ్లీ అదే క్రేను, అవే కంటెయినర్లు. ఇక్కడ చీటీల విలువ తెలుస్తుంది. బ్రయర్ పెట్టె, ఆగ్నెస్ పెట్టె ఎటు పోవాలో గట్టు మీదే విడిపోతాయి.

పర్యాటకులు చూసేది ఈ తెల్ల ఓడనే. పోస్టుకార్డుల మీద ఉండేదీ ఇదే. దీవులను బతికించేది మాత్రం రెండోది. గ్రై మరీతా నార్వే తీరంలో సరుకు మోయడానికి పుట్టిన ఓడ, పొడవు సుమారు 40 మీటర్లు. కొత్తదేమీ కాకుండా వాడినదిగానే 1980ల చివర ఈ దారికి వచ్చింది. మూడో సిలోనియన్ నవంబరు నుంచి మార్చి దాకా పెన్జాన్స్‌లో కట్టేసి ఉంటుంది. గ్రై మరీతాకు ఆ విశ్రాంతి లేదు, చలికాలమంతా అదే తిరగాలి. అందులో మనుషులకు ఉన్నవి పన్నెండు చోట్లు. పన్నెండుకు మించి ఎక్కించుకుంటే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది ప్రయాణికుల నౌక అవుతుంది, వేరే రకం కట్టడం, వేరే సిబ్బంది, వేరే సర్టిఫికెట్లు కావాలి. ప్రపంచమంతటా సరుకు ఓడల్లో ఈ పన్నెండు సంఖ్య కనిపించడానికి కారణం అదే.

చలికాలంలో దీవులకు పని ఉండదనుకోవడం పొరపాటు. సిలీ పంట నార్సిసస్ పూలు, అందులోనూ సోలీ డోర్ అనే పసుపు గుత్తుల రకం. అక్టోబరు నుంచి మార్చి దాకా అవి కోతకు వస్తాయి. బ్రిటన్ మొత్తంలో పొలాలు గడ్డకట్టి ఉన్నప్పుడు ఇక్కడి మెత్తని వాతావరణంలో మొగ్గలు విచ్చుకుంటాయి. ఇంకా ముందే పూయించడానికి వేసవిలో మడుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి దాని కిందికి పొగ పట్టిస్తారు. పొగలోని ఒక వాయువు దుంపకు కాలం వచ్చిందని నమ్మిస్తుంది. కోసిన పూలను పెట్టెల్లో సర్ది పోస్టులో దేశమంతా పంపుతారు. పువ్వు మూడు రోజులు ఆగితే దాని ధర పోయినట్టే. అంటే దీవుల పూల రాబడి ప్రయాణికుల ఓడ నిద్రపోయే నెలల్లోనే కదలాలి. ఈ సంగతి తెలిశాక రెండు ఓడల్లో ఏది ముందు మారాలన్న ప్రశ్న వేరేగా కనిపిస్తుంది. వార్తలన్నీ తెల్ల ఓడ గురించే వచ్చాయి. అవసరం మాత్రం సరుకు ఓడదే ఎక్కువ.

తిరిగి పోయేటప్పుడు సరుకు ఓడ ఖాళీగా పోదు. దీవుల చెత్తను అక్కడే కాల్చడం మానేశాక అదీ ప్రధాన భూమికే తిరిగి పోవాలి. పీతలు పోవాలి. పాత ఫ్రిజ్‌లు, పాడైన కార్లు పోవాలి. నాలుగు రోజులు గాలి తీవ్రంగా వీచి ఓడ రాకపోతే హ్యూ టౌన్ కో-ఆప్ దుకాణంలో ముందు ఖాళీ అయ్యే అరలు పాలవీ, రొట్టెవీ. విద్యుత్తు సముద్రం అడుగున వేసిన కేబుల్ మీద వస్తుంది, నీటి కోసం బావులు, ఉప్పు తీసే యంత్రాలు ఉన్నాయి. మిగిలినదంతా అలల మీదే. ఇల్లు కట్టాలంటే ఇటుక ధర మీద ఓడ కిరాయి కలుస్తుంది, ప్రధాన భూమితో పోల్చితే దీవుల్లో ప్రతి వస్తువూ పిరమే.

గాలిలో దారి ఉంది కదా అనవచ్చు. 1964 నుంచి 2012 దాకా పెన్జాన్స్ హెలికాప్టరు నడిచింది. 1983లో అది కూలి 20 మంది చనిపోయారు, అయినా సేవ ఆగలేదు. 2012 శరదృతువులో ఖర్చులు భరించలేక ఆగింది. ఆ తర్వాత ఏడేళ్లు చలికాలంలో దీవులకు మిగిలింది చిన్న విమానాలే. సెయింట్ మేరీస్ రన్‌వే సుమారు 600 మీటర్లు, అదీ కొండ మీద. పొగమంచు దిగితే విమానం దిగదు. ప్రయాణికుల ఓడ కట్టేసి ఉంటుంది. సరుకు ఓడలో పన్నెండు చోట్లు. ఆసుపత్రి అపాయింటుమెంటు ఉన్నవాళ్లు, అంత్యక్రియలకు పోవాల్సినవాళ్లు రోజుల తరబడి ఆకాశం వైపు చూశారు. 2020 మార్చిలో హెలికాప్టరు తిరిగి మొదలైంది. అదే నెలలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది.

కొత్త ఓడల కోసం మొదటి గట్టి ప్రయత్నం అంతకు ముందే జరిగింది. స్థానిక ప్రభుత్వాలు, ఓడ కంపెనీ కలిసి ప్రయాణికులనూ సరుకునూ ఒకే ఓడ మోసేలా పథకం వేశాయి. పెన్జాన్స్ రేవు విస్తరణతో కలిపి ఖర్చు సుమారు 6 కోట్ల 20 లక్షల పౌండ్లు. రేవు పని దగ్గరే చిక్కు వచ్చింది. గట్టు పక్కన బ్యాటరీ రాక్స్ అనే రాళ్ల తీరం ఉంది, ఊరివాళ్లు తరతరాలుగా అక్కడ ఈత కొడతారు. దాని పక్కనే 1935 నాటి జూబిలీ కొలను ఉంది. ఆ రాళ్లను పూడ్చి సరుకు స్థలం చేస్తామంటే పెన్జాన్స్ ప్రజలు ఒప్పుకోలేదు. దీవులవాళ్లకు ఓడ కావాలి, పెన్జాన్స్ వాళ్లకు తమ ఒడ్డు కావాలి. రెండూ న్యాయమే. ఊరు రెండుగా చీలి చాలాకాలం కొట్లాడుకుంది. చివరికి 2011 మార్చిలో లండన్ ప్రభుత్వం డబ్బు ఇవ్వనని చెప్పడంతో పథకం కూలిపోయింది. మూడో సిలోనియన్‌కు మరమ్మతులు చేయించి, ఇంకొన్నేళ్లు నడపాలని నిర్ణయించారు.

తర్వాత వాడిన ఓడల సంత వైపు చూశారు. కొత్తది కట్టించేకన్నా అది చవక. 2016 ప్రాంతంలో కంపెనీ గ్రై మరీతా బదులు మాలీ రోజ్ అనే ఓడను కొన్నది. కాగితం మీద కొలతలు సరిపోయినట్టే కనబడ్డాయి. కానీ గ్రై మరీతా స్థానం అది ఎన్నడూ తీసుకోలేకపోయింది, కొంతకాలానికే అమ్మేశారు. ఇది చిన్న సంఘటనే గానీ సమస్య గుట్టు ఇందులో ఉంది. 3 మీటర్ల లోపు మునకతో, నడిసముద్రం తట్టుకోగలిగి, క్రేనుతో ఎత్తి దింపే పని చేస్తూ, ఆ రెండు గట్లకూ ఆనే ఓడ సంతలో ఉండదు. అలాంటి దారి మరొకటి లేదు కాబట్టి అలాంటి ఓడను ఎవరూ ముందే కట్టి పెట్టుకోరు. కట్టించుకోవాల్సిందే. ఒకే ఒక్క ఓడ కోసం నమూనా గీయించడానికయ్యే ఖర్చు పది ఓడల మీద పంచుకునే వీలు లేదు, అదంతా 2,100 మంది మీద పడుతుంది.

ఇక్కడ స్కాట్లండ్ మాట ఒకటి ఎత్తాలి. అక్కడి పడమటి దీవుల ఓడలకు ప్రభుత్వమే సబ్సిడీ ఇస్తుంది, టికెట్టు ధరను అదే దూరం రోడ్డు మీద పోతే అయ్యే ఖర్చుకు దగ్గరగా పెట్టారు. సిలీకి ఆ ఏర్పాటు లేదు. అయితే డబ్బు ఉంటే చాలని అనుకోవడానికీ స్కాట్లండ్ ఒప్పుకోదు. ఆరన్ దీవి దారి కోసం గ్లెన్ సానక్స్, దానితో పాటు మరో ఓడ, రెండూ 9 కోట్ల 70 లక్షల పౌండ్లకు 2015లో ఆర్డరు ఇచ్చారు. 2017లో నాయకుల సమక్షంలో గ్లెన్ సానక్స్‌ను నీటిలోకి దింపినప్పుడు దాని కిటికీలు కొన్ని అద్దాలు కావు, రంగుతో గీసినవి. ప్రయాణికులు ఎక్కింది 2025 జనవరిలో. ఖర్చు ఒప్పందంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు అయింది.

2021 అక్టోబరులో లండన్ ప్రభుత్వం వెనుకబడిన ప్రాంతాల నిధి నుంచి సిలీ ఓడలకు 4 కోట్ల 84 లక్షల పౌండ్లు ప్రకటించింది. పదేళ్ల కిందట కాదన్న ప్రభుత్వమే ఔనన్నది కాబట్టి పని తేలిక కావాలి. కాలేదు. ప్రజల డబ్బుతో ఓడ కడితే అది ఎవరి పేరున ఉండాలి, ఎవరు నడపాలి, ఎన్నేళ్లకు అన్న ప్రశ్నలు వస్తాయి. దీవుల్లో ఓడ నడిపే కంపెనీ ఒక్కటే అయినప్పుడు వాటికి జవాబు చెప్పడం మరీ కష్టం. 2023లో కంపెనీ ఆ నిధిని పక్కన పెట్టి బ్యాంకు రుణంతో తానే కట్టించుకోవాలని నిర్ణయించింది. తొందర కావాలంటే అదే మంచి దారి. కానీ రుణం తీర్చేది టికెట్టు, సరుకు కిరాయి మాత్రమే.

కట్టేవాళ్ల ఎంపికలోనూ మలుపు తిరిగింది. టైటానిక్‌ను కట్టిన బెల్ఫాస్ట్ కంపెనీ హార్లండ్ అండ్ వుల్ఫ్ చేతిలోనే అప్పటికి యాపిల్‌డోర్ యార్డు ఉంది. మొదట మొగ్గు వాళ్లవైపే ఉంది. 2023 డిసెంబరులో ఒప్పందం మాత్రం బ్రిటనీ తీరంలోని కాంకార్నోకు చెందిన పిరియూ అనే ఫ్రెంచి కంపెనీతో కుదిరింది. ఓడలు కట్టేది వాళ్ల వియత్నాం యార్డులో. పక్క జిల్లాలో పుట్టిన ఓడ స్థానంలోకి సగం భూగోళం చుట్టి వచ్చే ఓడ. మరుసటి ఏడాదే హార్లండ్ అండ్ వుల్ఫ్ తానే వేగమైన ఓడను అద్దెకు తెచ్చి పెన్జాన్స్, సిలీ మధ్య పోటీ సేవ నడుపుతానని ప్రకటించింది. ఆ ఓడ ఒక్క ట్రిప్పూ తిరగలేదు. 2024 సెప్టెంబరులో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి పోయింది. ఒకవేళ సిలీ ఓడలు అక్కడ సగం కట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు.

కొత్త ప్రయాణికుల ఓడ పేరు నాలుగో సిలోనియన్. 72 మీటర్ల పొడవు, 600 మంది దాకా చోటు. మునకలో పెద్ద మార్పు ఉండదు, ఉండే వీలూ లేదు. ఊగుడు తగ్గించేది అడుగు ఆకారమూ, పక్కలకు అమర్చే స్టెబిలైజర్లూ. సరుకు ఓడకు మెనవెతన్ అని పేరు పెట్టారు. దీవుల తూర్పు వైపున మనుషులు లేని చిన్న తిప్ప పేరది. ఒప్పందం నాటి అంచనా ప్రకారం 2026లో ఇవి రావాలి, ముందు ప్రయాణికుల ఓడ, వెనక సరుకు ఓడ. ఆ క్రమమే చర్చకు తగినది. చలికాలపు భారమంతా మోసే గ్రై మరీతాకు ఇంకొంత కాలం సెలవు లేదన్న మాట.

ప్రయాణం సెయింట్ మేరీస్‌తో అయిపోదు. ట్రెస్కో, బ్రయర్, సెయింట్ మార్టిన్స్, ఆగ్నెస్‌లకు మనుషులను లాంచీలు తీసుకుపోతాయి. సరుకు మోసేది లయనెస్ లేడీ, 1991లో కట్టిన చదునైన పడవ. ముందు తలుపు కిందికి దిగి ఒడ్డుకు ఆనుతుంది, గోదావరి లంకల్లో బండ్లను దాటించే పంటు లాగా. అదీ ముసలిదే. కొత్త పథకంలో దాని బదులు మరో పడవ కూడా ఉంది. మిగిలిన దీవుల్లో లోతైన గట్లు లేవు. ట్రెస్కోలో పాటును బట్టి మూడు చోట్లలో ఏదో ఒక చోట దిగాలి. పొద్దున ఒక రేవులో దింపిన పడవవాడు సాయంత్రం మరో రేవుకు రమ్మని చెబుతాడు, అది వినకుండా పోయిన యాత్రికులు దీవంతా పరిగెత్తాల్సి వస్తుంది. బ్రయర్‌లో పాటు వేళ దిగే గట్టు ఒకటి 1990లో వచ్చింది. దాన్ని ఏ రేవు శాఖా కట్టలేదు. అనెకా రైస్ అనే టీవీ వ్యాఖ్యాత తన సవాళ్ల కార్యక్రమం కోసం సైన్యం సాయంతో కట్టించింది. ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

సరుకు ఒక్కొక్కటి మూడుసార్లు చేతులు మారుతుంది. పెన్జాన్స్ గట్టు నుంచి ఓడలోకి, సెయింట్ మేరీస్ గట్టు మీద ఓడ నుంచి చిన్న పడవలోకి, ఆ పడవ నుంచి చిన్న దీవిలో ట్రాక్టరు మీదికి. ఆగ్నెస్‌లో దుకాణం నడిపేవాడికి పాల డబ్బా చేరేసరికి దాని మీద మూడు కూలీలు, రెండు కిరాయిలు పడి ఉంటాయి. పెద్ద ఓడ ఎంత వేగంగా వచ్చినా ఈ మూడో దశ పోటుపాట్ల ప్రకారమే నడుస్తుంది. అందుకే మూడు నౌకలనూ కలిపి ఒకే పథకంగా చూడటం సరైన పనే. 2011 పథకంలో ఒకే ఓడలో అన్నీ కుదించాలని చూసినవాళ్లకు ఈ మెలకువ తక్కువైనట్టు అనిపిస్తుంది.

ఇక మిగిలింది డబ్బు. దీవులకు ఏటా వచ్చే సందర్శకులు లక్ష దాకా ఉంటారని అంచనా. రుణం వాయిదాల్లో ఎక్కువ భాగం వాళ్ల టికెట్లే మోయాలి, అదీ మార్చి నుంచి నవంబరు లోపు. వాన పడ్డ వేసవి ఒకటి వచ్చినా, హెలికాప్టరు టికెట్టు కాస్త తగ్గినా ఆ లెక్క కదులుతుంది. టికెట్టు పెంచితే సందర్శకుడు మరో తీరానికి పోగలడు. సరుకు కిరాయి పెంచితే దీవివాడికి పోవడానికి మరో ఓడ లేదు.